ఇంటి కాపీ

తెర మీద అంకె పడగానే రంగనాథ్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

బల్ల మీద రెండు ఫోన్లున్నాయి. పైకి చూస్తే రెండూ కవలపిల్లలే. అదే అద్దం, అదే బ్యాటరీ, అదే నల్లటి ప్లాస్టిక్ వీపు. తేడా అంతా లోపలున్న ప్రాసెసర్‌లో. ఎడమ ఫోనులో ఉన్నది వీళ్ల కంపెనీ చిప్పు. కుడి ఫోనులో ఉన్నది ఎదురింటివాళ్లది. ఎదురింటివాళ్లంటే నిజంగా ఎదురింటివాళ్లే. రాయదుర్గం మెట్రో స్తంభాలకి ఇటువైపు అద్దాల మేడ వీళ్లది, అటువైపు అద్దాల మేడ వాళ్లది. సాయంత్రమైతే రెండు మేడల జనమూ ఒకే బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీలు తింటారు, మెడలో కార్డులు చొక్కా జేబుల్లోకి తోసేసుకుని. పక్కవాడెవడో తేలేదాకా ఒక్కరూ ఆఫీసు మాట ఎత్తరు.

ఈ రెండు చిప్పుల్లో ఏది కొనాలో తేల్చడానికి ఫోన్లు చేసే కంపెనీ నుంచి సంయుక్త అనే ఇంజినీరు వచ్చింది. ఆ ఫోను బజారులో పదివేలకి అమ్ముడుపోయే రకం. లక్షల సంఖ్యలో పోతుంది. ఆర్డరు ఎవరికి దక్కితే ఆ మేడలో ఆ ఏడాదంతా పండగే. ఈ విభాగానికి డైరెక్టరైన రంగనాథ్ నెల రోజుల నుంచి ఒకటే పాట, స్కోరు చూస్తే వచ్చినవాళ్లకి కళ్లు తిరగాలని.

తిరిగినవి ఆయన కళ్లే. గొప్పగా చెప్పుకున్న స్కోరులో మూడో వంతు తగ్గి కూచుంది.

"ఎవరు ఎక్కించారు ఈ యాప్?" అన్నాడు రంగనాథ్, నవ్వు చెదరకుండా పళ్ల మధ్య నుంచి.

గోడ పక్కన వైర్లు చుడుతున్న ఓంకార్ ముందుకొచ్చాడు. "నేనే సార్."

"ఏ కాపీ?"

"ఇంటి కాపీ సార్. రోజు పెట్టేదే."

బల్ల అవతల కూర్చున్న హరిత చటుక్కున తలెత్తింది. ఆ ల్యాబ్‌కి ఆమే పెద్ద. ఫోన్లు ఎంత వేడెక్కుతాయో, వేడెక్కితే ఎంత నెమ్మదిస్తాయో కొలవడం ఆమె పని. ఇంటి కాపీ అన్న పేరు పెట్టిందీ ఆమే.

సంగతేమిటంటే, ప్రాసెసర్ వేగం కొలవడానికి లోకమంతా వాడే స్కోరు యాప్ ఒకటుంది. ఆ యాప్ తెరవగానే చిప్పుతో వచ్చే సాఫ్ట్‌వేర్ దాని పేరు చూసి పసిగట్టేస్తుంది. పసిగట్టిందంటే వేడికి వేసిన కళ్లెం వదిలేస్తుంది. ఫోను పెనంలా కాలినా సరే, పరీక్ష అయ్యేదాకా చిప్పు పరుగులు తీస్తుంది. యాప్ మూయగానే మళ్లీ మామూలు నత్తనడక. కాగితాల మీద దీనికి 'పెర్ఫార్మెన్స్ అసిస్ట్' అని మర్యాదైన పేరుంది. ల్యాబ్‌లో మాత్రం అందరూ పెళ్లిచూపులు అంటారు. ఆ కాసేపు తలొంచుకుని కూచున్న పిల్ల ఇంట్లో ఎలా ఉంటుందో తెలియాలిగా మరి. అందుకని హరిత అదే యాప్‌ని పేరు మార్చి ఇంకో కాపీ చేయించింది. పేరు మారింది గనక చిప్పు గుర్తుపట్టదు, రోజూ ఉన్నట్టే ఉంటుంది. అదీ ఇంటి కాపీ. అసలు పేరుతో ఉన్నది చూపుల కాపీ. ల్యాబ్‌లో ఏ ఫోను చేతికిచ్చినా ఓంకార్ ముందు ఇంటి కాపీ ఎక్కిస్తాడు, గుమ్మంలో చెప్పులు విడిచినంత అలవాటుగా. అలవాటు చేసింది హరితే. ఈ రోజు చూపుల కాపీ పెట్టమని అతనితో ఎవరూ అనలేదు, ఎవరూ రాయలేదు. అలాంటి మాట ఎవరు మాత్రం రాస్తారు?

"క్షమించాలండి సంయుక్తగారూ," అన్నాడు రంగనాథ్ లేచి. "మా టెక్నీషియన్ పొరపాటు. తప్పుడు యాప్ ఎక్కించాడు. గురువారం మళ్లీ చేసి చూపిస్తాం."

"అవతలి ఫోను ఇంకా నడుస్తోందండి," అంది సంయుక్త.

"వదిలేయండి. ఇది చెల్లదు."

ఆమె ఒక్క క్షణం తెర వైపు చూసి బ్యాగు అందుకుంది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయో లేదో, రంగనాథ్ ఓంకార్ మీద విరుచుకుపడ్డాడు.

"ఏడాది కష్టం బూడిదలో పోశావు. కూలికొచ్చినవాడివి, చెప్పిన పని చేయడం కూడా చేతకాదా?"

"యాప్ పెట్టుమన్నరు సార్, పెట్టిన."

"ఎదురు చెప్తున్నావా?"

ఓంకార్ ఏజెన్సీ పంపిన కాంట్రాక్టు మనిషి. ఆరేళ్లుగా ఆ ల్యాబ్‌లో పనిచేస్తున్నవాడు, హరిత కంటే వయసులో పెద్దవాడు, బడి పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కారిడార్‌లో పోయేవాళ్లు అడుగులు నెమ్మదించి, విననట్టు నటిస్తూ విన్నారు. "సార్, అతను రోజూ చేసేదే చేశాడు," అని హరిత అనేలోపే రంగనాథ్ విసవిసా వెళ్లిపోయాడు.

ఓంకార్‌ని టీ తాగి రమ్మని పంపి, ఆమె వైర్లు తీయడానికి ఒక్కతే ఆ గదిలోకి తిరిగి వెళ్లింది. ఎదురింటివాళ్ల ఫోను అప్పుడే పరీక్ష ముగించి, తన అంకె చూపించుకుంటూ పడి ఉంది. హరిత దాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ చదివింది. వీళ్లదాని కంటే తక్కువ. అలా ఇలా కాదు, చాలా తక్కువ.

ఎదురింటివాళ్ల చిప్పుకీ ఇదే వేషం అలవాటు. ఆ రోజు ఓంకార్ రెండిట్లోనూ ఇంటి కాపీ పెట్టడంతో పెళ్లిచూపులు రెండు ఫోన్లకీ తప్పిపోయాయి. వేషం లేకుండా కొలిస్తే గెలిచింది వీళ్ల చిప్పే. గెలిచినవాడు గెలుపుని చెత్తబుట్టలో వేసి, గెలిపించిన మనిషిని నడవాలో పెట్టి తిట్టి పోయాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర చిన్న వరస నిలిచిపోయి ఉంది. ముందు ఓంకార్. కార్డు పెడుతున్నాడు, ఎర్ర దీపం వెలుగుతోంది. కార్డుని చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎరుపే. వెనకవాళ్లు పక్క గేటుకి మారిపోయారు, అతని మొహం చూడకుండా.

"నీ పేరు సిస్టంల లేదు భాయ్. జర పక్కకు జరుగు," అన్నాడు సెక్యూరిటీ అతను.

హరితకి ఒళ్లు మండిపోయింది. కార్డు పనిచేయడం లేదని ముందు చెప్పడానికి ఒక్క నోరు రాలేదు. గేటు దాకా రానిచ్చి, నలుగురిలో ఆ ఎర్ర దీపంతో చెప్పించారు.

"ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఎత్తుతలేరు మేడం," అన్నాడు ఓంకార్ ఆమెని చూసి. "నా డబ్బా లోపల్నే ఉన్నది. నిన్న పరేషాన్‌ల మర్చిపోయిన. మా ఇంటామె పుట్టింట్ల ఇచ్చిన స్టీలు డబ్బా, పోతే ఊకోదు."

"ఇక్కడే ఉండు ఓంకార్. నేను మాట్లాడి వస్తాను."

రంగనాథ్ ఆమెని కూర్చోమన్నాడు. మాట మెత్తగా ఉంది. రాత్రి బాగా నిద్రపోయిన మనిషిలా ఉన్నాడు.

"చూడమ్మా హరితా, ఒక్క పేజీ రిపోర్టు. టెక్నీషియన్ తప్పుడు యాప్ ఎక్కించినందువల్ల మంగళవారం పరీక్ష చెల్లదు, అతన్ని తీసేశాం, గురువారం మళ్లీ చేస్తాం. అంతే. ల్యాబ్ తరఫున నువ్వు సంతకం పెడితే సంయుక్తగారికి పంపించేస్తాను."

"తప్పుడు యాప్ కాదు సార్. యాప్ అదే, పేరొక్కటే మార్చాం. ఆ పేరు చూసి వేషం వేస్తున్నది మన చిప్పు."

"వేషం అనకు. అందరూ చేసేదే."

"ఇంకో సంగతుంది సార్. మీరు వెళ్లాక ఎదురింటివాళ్ల ఫోను కూడా పరీక్ష ముగించింది. దాని స్కోరు మనకన్నా చాలా తక్కువ. నిజంగా కొలిస్తే మనమే గెలిచాం."

రంగనాథ్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఇంట్లో గెలిస్తే ఎవడు చూస్తాడమ్మా? పెట్టె మీద అచ్చేసేది చూపుల స్కోరే. అందులో మనల్ని కొట్టేవాడు లేడు. పైగా ఆ అంకె బయటపెడితే మనది ఎందుకు తగ్గిందో కూడా చెప్పాలి. అక్కర్లేదు. ఇక ఆ మాట ఎత్తకు."

"మరి ఓంకార్?"

"ఏజెన్సీవాడు ఇంకొకణ్ని పంపిస్తాడు. మనుషులకేం కొదవా?"

ఆ ఇంకొకడికి ఏ వైరు ఏ మూలకి అంటించాలో మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. అది కాదు ఆమెకి మండింది. సరుకు అయిపోతే తెప్పించుకున్నట్టు మాట్లాడాడే, అందుకు మండింది. నిన్న తిట్టిన తిట్ల కంటే ఈ మెత్తటి మాట ఎక్కువ కాల్చింది.

"నేను సంతకం పెట్టను సార్."

"మంచిది." రంగనాథ్ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, కింద తన పేరే కొట్టుకుని, అక్కడికక్కడే మెయిల్ పంపేశాడు. "నీ అప్రైజల్ కూడా నేనే రాయాలి. అది కాస్త గుర్తుపెట్టుకో."

ల్యాబ్‌లో డబ్బా కిటికీ అరుగు మీద ఉంది. తెరిస్తే నిన్నటి టమాటా పప్పు పులిసిపోయి వాసన కొట్టింది. హరిత ప్యాంట్రీలోకి పట్టుకెళ్లి, అన్నం పారబోసి, గిన్నె గిన్నెకీ సబ్బు పట్టించి గట్టిగా తోమింది. కాఫీకి వచ్చినవాళ్లు ఆమె తోముడు చూసి పలకరించకుండానే వెళ్లిపోయారు.

ఓంకార్ రోడ్డవతల మెట్రో స్తంభం నీడలో నిలబడి ఉన్నాడు. డబ్బా చూడగానే అతనికి విషయం అర్థమైపోయింది.

"మీరే కిందికి తెచ్చిచ్చిన్రంటే, ఇగ లోపలికి రానియ్యరన్నట్టే కదా మేడం."

హరిత డబ్బా అతని చేతికిచ్చింది.

"కడిగిన్రా? మీరెందుకు కడిగిన్రు మేడం," అన్నాడు డబ్బా మూత తీసి చూసి. నొచ్చుకున్నాడు. తన ఉద్యోగం పోయిన మాట పక్కన పెట్టి, ఆమె చేత డబ్బా కడిగించుకున్నందుకు నొచ్చుకున్నాడు. "ఫికర్ చేయకుండ్రి. మూసాపేటల మా బామ్మర్దిది మొబైల్ షాపున్నది. రిపేర్లు చేసుకుంట బతుకుత." అని మెట్రో మెట్ల వైపు నడిచాడు. సగం మెట్లెక్కాక ఒకసారి ఆగి మేడ వైపు చూసి, మళ్లీ ఎక్కాడు.

బాచుపల్లిలో ఇంటికి చేరేసరికి హరిత కోపం తగ్గడం మాట అటుంచి, దారి పొడుగునా ట్రాఫిక్‌లో ఉడికి ఉడికి చిక్కబడింది. భర్త శివశంకర్ నార్సింగిలో ప్లాట్లు అమ్మించే పని చేస్తాడు. ఇద్దరిదీ ప్రొద్దుటూరే. ఇంట్లో ఇద్దరి మాటా ఊరి మాటే.

"మొగమెందుకట్ల పెట్టుకున్యావు?" అన్నాడు సోఫాలోంచి.

చెప్పింది. అతను టీవీ గొంతు తగ్గించి విన్నాడు.

"పోనీలే. నీకేం కాలేదు గదా. నీదేం పోయింది?"

చేతిలో గరిటె గట్టు మీద ఠంగుమని పడింది. "వానికి నేర్పిచ్చింది నేను. నేను చెప్పినట్టే చేసినాడు. నేర్పిచ్చినదాన్ని లోపల ఏసీలో కూచోబెట్టి, నేర్చుకున్నోన్ని రోడ్డు మీదికి తోసినారు. నాదేం పోలేదంటావా?"

శివశంకర్ లేచొచ్చి గరిటె తీసి కడిగి పెట్టాడు. "అయితే ఊరికే యాల ఉంటావు, ఏదన్నా చెయ్యి," అన్నాడు కాసేపటికి.

గురువారం పరీక్షకి రంగనాథ్ స్వయంగా పూనుకున్నాడు. గదిలో ఏసీ ఎంత చల్లగా పెట్టొచ్చో అంత చల్లగా పెట్టించాడు. హరిత చున్నీ భుజాల చుట్టూ లాక్కుంది. చూపుల కాపీ రెండు ఫోన్లలోకీ తన చేత్తోనే ఎక్కించి, "ఈసారి పొరపాట్లుండవండి," అన్నాడు సంయుక్తతో.

ముందు ఎడమ ఫోను అంకె పడింది. చెప్పిన స్కోరు చెప్పినట్టే వచ్చింది. రంగనాథ్ చేతులు రుద్దుకుని హరిత వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చి, ఆమె బల్ల కింద పిడికిలి బిగించుకుంది.

తర్వాత కుడి ఫోను అంకె పడింది. అది ఇంకా ఎక్కువ. ఎదురింటివాళ్లు కొత్తగా ఏం మార్చారో ఏమో, వేషం కట్టడంలో వీళ్లని మించిపోయారు.

సంయుక్త లేచి రెండు ఫోన్ల వీపుల మీదా వేలు ఆనించి, చటుక్కున తీసేసుకుంది.

"ఇంత చలిలో కూడా కాలుతున్నాయండి," అంది. "మా కస్టమర్ కేర్‌కి రోజూ ఇదే గోల. వీడియో కాల్ మాట్లాడుతుంటే చెయ్యి కాలుతోందని, బండి మీద మ్యాపు పెట్టుకుంటే ఫోను మొరాయిస్తోందని. తిట్లు తినేది మేమండి, చిప్పు చేసినవాళ్లు కాదు."

"సంయుక్తగారూ, అంటే మా వైపు నుంచి..." రంగనాథ్ నీళ్లు నమిలాడు.

"మొన్న తెర మీద యాప్ పేరు వేరే ఉండటం నేను చూశానండి. మాకు కావాల్సింది ఆ పరీక్షే. ఇంకా నడుస్తోందన్నా మీరు వదిలేయమన్నారు. ఆ రోజు అవతలి ఫోనుకి ఎంతొచ్చింది?"

రంగనాథ్ మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది. గిరుక్కున తిరిగాడు. "హరితా, నువ్వు చూశావు కదమ్మా. చెప్పు. ఎంతొచ్చిందో చెప్పు."

అంకె ఆమె నాలుక చివరే ఉంది. చెబితే ఆర్డరు వీళ్లది. నిన్న అక్కర్లేదన్న నోరే ఇవాళ చెప్పు చెప్పు అంటోంది. ఆ గొంతులో సిగ్గు ఏ మూలనైనా ఉందేమోనని ఒక్క క్షణం చూసింది. లేదు.

"చెప్పలేనండి," అంది సంయుక్త వైపు తిరిగి. "ఆ పరీక్ష చెల్లదని సార్ సంతకంతో మీకు రిపోర్టు వచ్చింది కదా. చెల్లని పరీక్షలో వచ్చిన అంకె నేనెలా చెప్పను?"

"వచ్చిందండి," అంది సంయుక్త. "టెక్నీషియన్‌ని తీసేశామని కూడా రాశారు." ఆమె కూర్చుని పెన్ను మూత పెట్టింది. "అయితే మళ్లీ చేసి చూపించండి. మొన్నటిలాగే. రేపు మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాను."

నడవాలోకి రాగానే రంగనాథ్ ఆమె దారికి అడ్డం నిలిచాడు. మొన్న ఓంకార్‌ని నిలబెట్టిన చోటే.

"నువ్వే చేసేయొచ్చుగా. ఎంతసేపు పని?"

"చేయగలను సార్. చేయను. మొన్నటిలాగే కావాలన్నారు, మొన్న చేసిన మనిషి కావాలి. అతను వస్తేనే నేను ఆ గదిలోకి వస్తాను."

"నన్ను నలుగురిలో తలవంచుకోమంటావా?"

"ఆ రోజు ఓంకార్ వంచుకున్నాడు సార్. నలుగురిలోనే."

ఆయన కిటికీ వైపు తిరిగి ఎదుటి మేడని చూశాడు. "పిలువు," అన్నాడు చివరికి, ఆమె వైపు తిరగకుండానే.

ఫోనులో ఓంకార్ వెనకాల బజారు రద్దీ వినిపించింది. అంతా విన్నాడు.

"రేపు వస్త మేడం. గని ఒక్క మాట. పోయినసారి ఏ కాపీ పెట్టాల్నో ఎవ్వరు చెప్పలే. తప్పు నా మీద పడ్డది. ఈసారి చెప్తేనే పెడ్త."

"నేను చెప్తున్నాను కదా. ఇంటి కాపీ."

"మీరు గాదు మేడం," అన్నాడు ఓంకార్.

శుక్రవారం పొద్దున గేటు దగ్గర కార్డుకి ఆకుపచ్చ దీపం వెలిగింది. ఓంకార్ వెంటనే లోపలికి రాలేదు. ఆ దీపం ఆరిపోయేదాకా దాన్నే చూసి, రెండోసారి కార్డు పెట్టి అప్పుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో స్టీలు డబ్బా ఉంది. దాన్ని తిన్నగా పరీక్ష గదిలోకే తెచ్చి, బల్ల కింద కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

పని మొదలుపెట్టాడు. ఫోన్ల వీపులు గుడ్డతో తుడిచాడు. వేడి కొలిచే సన్నటి వైర్లు ఒక్కొక్కటే అంటించి, బొటనవేలితో నొక్కి చూశాడు. ల్యాప్‌టాప్ తెరిచి కేబులు చేతిలోకి తీసుకున్నాడు. తెర మీద రెండు కాపీలూ పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ ఆగిపోయాడు. కేబులు బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సార్, ఏ కాపీ పెట్టాలె?"

"నీకు తెలుసు కదయ్యా, కానీ," అన్నాడు రంగనాథ్.

"నాకు తెల్వది సార్. తెలుసనుకునే మొన్న తప్పు చేసిన."

సంయుక్త తల ఎత్తింది. రంగనాథ్ హరిత వైపు చూశాడు, సాయం పట్టమన్నట్టు. హరిత చూపు తిప్పుకోలేదు. మూడు రోజులుగా రగులుతున్న కోపం ఇంకా అలాగే ఉంది. అది చల్లారాలని కూడా ఆమెకి లేదు.

"ఇంటి కాపీ," అన్నాడు రంగనాథ్.

"మంగళారం నేను పెట్టిందే గదా సార్?"

"అదే."

"అయితే మంగళారం నాది తప్పు కాదన్నట్టు."

ఓంకార్ గొంతులో వెటకారం లేదు, బతిమాలుకోవడమూ లేదు. వైరు ఎక్కడ అంటించాలని అడిగినంత మామూలుగా అడిగాడు. రంగనాథ్ టై సర్దుకున్నాడు. ఇంకెవరైనా మాట్లాడతారేమోనని చూశాడు.

"కాదు," అన్నాడు.

ఓంకార్ తల ఊపి, ముందుకు వంగి, ఎడమ ఫోనుకి కేబులు గుచ్చాడు.